ఉప్పునీళ్ళ మడి

గల్ఫ్‌లో, జిదాఫ్స్ శివారు కూలీల క్యాంపులో స్నానాల నీళ్ళూ, బట్టలుతికిన నీళ్ళూ, గిన్నెలు కడిగిన నీళ్ళూ అన్నీ వెనక గోడవారన ఉన్న కంకర గుంటలోకి పోతాయి. అందులో మొక్కలు పెంచితే నీరు తేటపడుతుందనీ, దాన్ని ఖర్జూరపు చెట్లకు పెట్టుకోవచ్చనీ కంపెనీ ఇంజినీరు చెప్పాడు. చెప్పడం ఆయన వంతు, నాటడం పరశురాం వంతు. వ్యవసాయం చేసి వచ్చినవాడని ఫోర్‌మన్ అతన్నే ఏరాడు. పొద్దంతా సెంట్రింగు పని చేసొచ్చి, సాయంత్రం మురుగులో దిగాలి.

మెట్టతామర రెండుసార్లు నాటాడు. రెండుసార్లూ మాడిపోయింది. క్యాంపు కుళాయిల్లో వచ్చేదే ఉప్పునీరు, దానికి సబ్బు తోడు. కుళ్ళిన దుంపలు కంకరలో ఇరుక్కుని, గుంట పొంగి వీధిలోకి పారింది. ఎదురింటి ముసలాయన వచ్చి, పల్లెత్తు మాట అనకుండా, తన గుమ్మం ముందు నిలిచిన నీళ్ళు చూపించి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది పరశురాంకి.

ఆ సాయంత్రం జగిత్యాల నుంచి భార్య గౌరవ్వ ఫోన్ చేసింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"ఎవుసం ఇడిసిపెట్టి దుబాయి పోతివి. ఆడ గూడ మడిల దిగుడేనా?"

"గిదేం మడే? గిది మురికి గుంట" అన్నాడు. నవ్వబోయాడు, ఓపిక లేకపోయింది.

ఈసారి ఇంజినీరు ఉప్పుకు ఓర్చుకునే మొక్కలు తెప్పించాడు. గోనెసంచుల్లో సముద్రపు ఒడ్డున మొలిచే రెల్లు, లావుపాటి ఆకుల చిన్న మొక్కలు. "యల్లా, కానియ్, ఇంకొక్కసారి" అన్నాడు ఫోర్‌మన్. పరశురాం కంకర తోడుతుంటే నడుం పట్టేసి అక్కడే కూలబడ్డాడు. పక్క గదిలో ఉండే నరసాపురం బుల్లిరాజు చూసి, అడక్కుండానే పార అందుకున్నాడు.

"ఇలకూరలాగుందే!" అన్నాడు ఒక మొక్క తుంచి వాసన చూసి. "మా కాడ ఉప్పునేలల్లో మొలుత్తాది అన్నయ్యా. మా అమ్మ పప్పులో ఏత్తాది."

"ఈడిది తినకు తమ్మీ, సబ్బునీళ్ళు తాగుతది."

ఇద్దరూ మెల్లగా నాటారు.

ఎండ ముదిరినా మొక్కలు చావలేదు. రెల్లు గోడెత్తు పెరిగింది. కంపు తగ్గి, వెనక గదుల కిటికీలు తెరుచుకున్నాయి. చివరి గొట్టంలోంచి వచ్చే నీరు ఉప్పగానే ఉన్నా తేటగా ఉంది. ఖర్జూరాలు దానికి ఓర్చుకున్నాయి. పరశురాంకి సంతోషం కలగాల్సిందే, కానీ అది కూడా ఒళ్ళునొప్పుల కింద ఎక్కడో పడి ఉంది.

ఫోర్‌మన్ వచ్చి భుజం తట్టాడు. "శభాష్ భాయ్. బుసైతీన్ క్యాంపులో కూడా ఒక గుంట తవ్వారు. అక్కడా నువ్వే నాటాలి."

"డ్యూటీ అయినంక నేను పోను సార్" అన్నాడు పరశురాం, గొంతు పెంచకుండా. "నాటుడే ఆ దినం డ్యూటీ. బుల్లిరాజు గూడ నాతోని రావాలె."

ఫోర్‌మన్ గొణిగాడు, తల గోక్కున్నాడు, చివరికి "ఖలాస్, తీసుకుపో" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బుసైతీన్ వెళ్ళే వ్యాన్‌లో, రెల్లు పిలకల సంచులు కాళ్ళ మధ్య పెట్టుకుని, ఇద్దరూ ఒకరి మీదికి ఒకరు ఒరిగి నిద్రపోయారు.