ఇష్టం రోగం

పొయ్యి మీది పాలగిన్నెను రాజమణి ఒట్టి చేత్తో దించింది. వేళ్లు ఎర్రగా కందాయి గానీ చురుక్కుమనలేదు. "నీ చెయ్యేమన్న ఇనుముదానే?" అని నవ్వాడు మొగుడు వెంకటనర్సు. ఆమెకు నవ్వు రాలేదు, భయం వేసింది. పొద్దంతా ఆసు చట్రం ముందు కూర్చుని, దాని మేకుల చుట్టూ పట్టుదారం తిప్పే చెయ్యి అది. ఆ చెయ్యి తిప్పందే ఆయన మగ్గం ఆడదు. అయినా ఊరి లెక్కలో చీర నేసినవాడు ఆయన, ఈమెది ఇంటిపని.

ఊళ్లో సూదిమందు వేసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. "ఏం పని చేస్తది?" అని డాక్టరు అడిగితే, "పనేముంది సార్, ఇంట్లనే ఉంటది" అన్నాడు. డాక్టరు ఆమె చెయ్యి పట్టుకునైనా చూడలేదు. "హిస్టీరియా. ఆడోళ్లకు మామూలే, ఫికర్ జెయ్యకుర్రి" అని గోళీలు చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక అత్త సత్తమ్మ ఆ మాటను నోట్లో వేసుకుని నమిలింది. "ఇష్టీరియనా? గదేం రోగంరా?" అని, కొడుకు నోరు తెరవకముందే తనే అర్థం చెప్పేసింది. "ఇష్టముంటే చెయ్యి లేస్తది, లేకుంటే లేవది. గంతే." తెల్లారేసరికి వాడకట్టంతా రాజమణిది ఇష్టం రోగమైంది. ఇష్టం! ఏ కూర వండుదామన్నా, ఎప్పుడు పడుకుందామన్నా ఒక్కనాడూ ఎవరూ తనను అడగని మాట. ఇప్పుడది రోగం పేరుగా దక్కింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. గోళీలు మింగినా చెయ్యి మొద్దుగానే ఉంది. ఆసు మాత్రం ఆగలేదు.

నల్లగొండలో నర్సింగు చదివే బిడ్డ రమ ఫోన్ చేస్తే, ఉండబట్టలేక చెయ్యి సంగతి చెప్పి, డాక్టరన్న మాటకు అర్థం అడిగింది.

"ఎవరన్నరమ్మా గా మాట?" అని రమ మండిపడింది. "గ్రీకు భాషల హిస్టెరా అంటే గర్భసంచి. అది ఒక్కకాడ ఉండక ఒళ్లంత తిరుగుతదని, గందుకే ఆడోళ్లకు రోగాలొస్తయని ఎనకట అనుకునేటోళ్లు. గా పేరు పెద్ద డాక్టర్లు ఎప్పుడో ఇడిసిపెట్టిన్రు. నీకు మణికట్టుల నరం ఒత్తుకపోయినట్టుంది. జల్ది ఈడ దవాఖానకు రా. ఆలస్యమైతే చెయ్యి పట్టు పోతది."

రాజమణి ఫోన్ పెట్టేసింది. రమ చిన్నబడిలో ఉండగానే తన గర్భసంచి తీసేశారు. కుట్లు మానకముందే మళ్లీ ఆసు ముందు కూర్చుంది. ఇప్పుడా లేని సంచే తన చేతిని మొద్దుబార్చిందట! ఉతికిన చీర కట్టుకుని, చెప్పులేసుకుని గడప దాటింది.

"ఆసు ఇడిసిపెట్టి ఎటు తిరగవోతున్నవే?" అని మగ్గం గుంటలోంచి అరిచాడు వెంకటనర్సు.

"దవాఖానకు. గర్భసంచి తిరుగుతె వచ్చే రోగమట నాది. గది కోసి పారేసి ఎన్నేండ్లాయె? ఇగ తిరిగేది నేనే."