పొట్టి తూటా రివాల్వరు

నేను ఒక రివాల్వరును. ఉలిక్కిపడకండి, కాస్త దగ్గరికే జరిగి కూర్చోండి. నాకు తిండి దొరక్క చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకంటే మీ చేతికర్రకే జనం ఎక్కువ జడుస్తారు.

పుట్టింది సముద్రాల అవతల దొరల సీమలో, ఏదో పొగ గొట్టాల ఊళ్లో. జానెడు పొడవు, నడుం విరిస్తే తెరుచుకునే ఒళ్లు. తుపాకుల భాషలో బోరంటే గొట్టం లావు. నేను తినేది ముప్పై రెండు బోరులో పొట్టి రకం తూటా. మా రోజుల్లో అది అగ్గిపెట్టె దొరికినంత తేలిగ్గా దొరికేది. దొరల కోటు జేబుల్లో, సాహుకార్ల తలగడల కింద అంతా మావాళ్లే. నా మొదటి దొర ఒక్క దెబ్బకి రెండు కొంగల్నీ, వాటి మీద కన్నేసిన మొసలినీ పడగొట్టాడు. మొసలి చప్పుడుకే గుండాగి చచ్చిందని గిట్టనివాళ్లు అంటారు. అననివ్వండి.

తర్వాత పొడుగు తూటా వచ్చింది. లావు అదే, ఎత్తు రవ్వంత ఎక్కువ. మనుషులకు ఎత్తుగా ఉన్నదేదైనా ముద్దే కదా. నన్ను ఎవరూ ఓడించలేదు, ఎవరూ తిట్టలేదు. నా తూటాను అడగడం మానేశారు, అంతే. అడగనిదాన్ని ఎవడు చేస్తాడు?

చేతులు మారి మారి ఉద్దానం జీడితోటల్లో తేలాను. తాత చేతి నుంచి మనవడు పారినాయుడికి దక్కాను. తలకు రాసుకోగా మిగిలిన కొబ్బరినూనె నాకు పులిమేవాడు. పాపం, ప్రేమే.

ఆ ఏడాది పనసకాయలు పండేవేళకు కొండ మీది ఎలుగుబంటి తోటలోకి దిగింది. పారినాయుడి తమ్ముడు దానయ్య ముఖం చీరేసింది. దానయ్య ఆసుపత్రిలో పడ్డాడు. జీడిపిక్కలు రాలినవి రాలినట్టే ఉన్నాయి. ఇక ఏరవలసింది పారినాయుడి భార్య గున్నమ్మ. తమ్ముడి ముఖం చూసి వచ్చినవాడు పెళ్లాన్ని ఆ తోటలోకి ఎలా పంపుతాడు? ఎలుగు సంగతి తేల్చేదాకా తోటలో అడుగు పెట్టొద్దని ఆవిడకు గట్టిగా చెప్పి, నన్ను సంచిలో వేసుకుని విశాఖపట్నం తుపాకుల కొట్టుకు వెళ్లాడు.

కొట్టాయన దగ్గర పొడుగువే ఉన్నాయి. పెట్టి చూస్తే నా కడుపులో పట్టలేదు. ఆకురాయితో కాస్త అరగదీస్తే పట్టవా అని పారినాయుడు అడిగాడు. కొట్టాయన, ఆశ లేని రోగిని వైద్యుడు చూసినట్టు నన్ను చూశాడు. వేరే చోట కనుక్కుని ఫోన్ చేస్తానన్నాడు. ఇంటికొచ్చి పారినాయుడు తాతనాటి డబ్బా బోర్లిస్తే చిలుముపట్టిన పొట్టి తూటా ఒకటి రాలింది. దాన్నే నాలో పెట్టాడు.

ఒక సాయంత్రం పారినాయుడు ఆసుపత్రిలో తమ్ముడి దగ్గర ఉండగా ఇంటికి ఫోన్ వచ్చింది. గున్నమ్మ ఎత్తింది.

"మీ బోరు పనైపోయిందమ్మా, ఇంక రాదు. ఆయనకి చెప్పండి" అని కొట్టాయన పెట్టేశాడు.

ఉద్దానంలో బోరంటే నీళ్ల బోరే. తోట చివర చేతిపంపు ఉంది, దాని మీదే కొత్తగా నాటిన కొబ్బరిమొక్కలు బతుకుతున్నాయి. అసలే తమ్ముడి దిగులుతో ఉన్న మనిషికి చెప్పకుండా ముందు నేనే చూసొస్తాననుకుంది గున్నమ్మ; తోటలో అడుగు పెట్టొద్దన్న మాటా పక్కన పెట్టింది. తెల్లారకముందే లేచి, తుంపర పడుతోందని తల మీదుగా నల్లగొంగళి కప్పుకుని తోటకు వెళ్లింది.

రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన పారినాయుడూ కాసేపటికి లేచాడు. భార్య పశువుల పాకలో ఉందనుకుని, ఎలుగు పని పట్టాలని నన్ను తీసుకుని తోటకే బయలుదేరాడు. మసక వెలుతురులో పంపు దగ్గర నల్లగా ఏదో ముడుచుకుని ఉంది. గొట్టానికి చెవి ఆనించి లోపల నీటి చప్పుడు వింటోంది ఆవిడ. ఎలుగే అనుకుని పారినాయుడు నన్ను ఎత్తాడు. గురి చూసేది నేనే కదా, గొంగళి అంచు కింద ఆవిడ కాలి కడియం నాకు కనిపించింది. అరవాలనుకున్నాను. నాకున్న గొంతు ఒక్కటే. అది విప్పితే పోయేది ఆవిడే.

ఆయన మీట నొక్కాడు.

టిక్కుమంది. అంతే.

నల్లముద్ద లేచి నిలబడి వెనక్కి తిరిగింది.

"నువ్వూ వొచ్చీసినావా మావా? బోరు సచ్చిపోయిందని ఎవుడో ఫోన్ సేసినాడు. నీరు సూడు, ఎలాగొస్తందో" అంటూ గున్నమ్మ పంపు కొట్టసాగింది.

పారినాయుడు తడి ఇసకలో చతికిలబడ్డాడు.

"ఏటి మావా, అలాగైపోనావు?"

"ఏటీ నేదు. కొట్టు. ఇంకాస్త కొట్టు."

పారినాయుడు ధార కింద ముఖం పెట్టి, ఆవిడ చేతులు నొప్పిపుట్టేదాకా తియ్యలేదు. ఏది నీరో ఏది కన్నీరో ఆవిడకు తెలియనివ్వలేదు.

ఆ పూటే నన్ను పోలీసుస్టేషనులో అప్పగించాడు. "తూటాలు దొరకవు బాబూ, ఉంచుకుని ఏటి సేస్తాను?" అన్నాడు. అదీ నిజమే కనుక ఎవరూ ఇంకేమీ అడగలేదు. పనసలు అయిపోయాక ఎలుగు దానంతటదే కొండెక్కేసిందని తర్వాత విన్నాను.

ఇప్పుడు స్టేషను వెనక గదిలో తుప్పు పడుతున్నాను. చుట్టూ ఉన్నవాళ్లంతా పొడుగు తూటాల వాళ్లే. ఎవరెవర్ని పడగొట్టారో పొద్దస్తమానం చెప్పుకుంటారు. నా వంతు వచ్చేసరికి నిద్రపోయినట్టు ఉండిపోతాను. ఈ వేళకు గున్నమ్మ తోటలో నడుం వంచి పిక్కలు ఏరుకుంటూ ఉంటుంది.