లీగ్ టూ మాస్టారు

కాలిఫోర్నియాలో శాన్ రామన్‌లోని పిల్లల సాకర్ క్లబ్బుకి ఇంగ్లండ్ నుంచి కోచ్ వస్తున్నాడన్న కబురు ముందుగా మోసుకొచ్చినవాడు వేణుమాధవ్. అతని కూతురు నైనికకి పదమూడేళ్లు, ఆ క్లబ్బులోనే ఆడుతోంది. వేణుమాధవ్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సీనియర్ మేనేజరు. క్లబ్బులో తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షుడు కూడా. ఆఫీసులో తన కిందివాళ్లు ఏం చేస్తారో అతనికి బాగా తెలుసు. పైవాళ్లు ఏం కోరుకుంటారో ఇంకా బాగా తెలుసు. మధ్యలో తనేం చేస్తాడని భార్య ఇంద్రజ అడిగితే మాత్రం చెప్పడానికి కాస్త తడుముకునేవాడు.

వచ్చినవాడి పేరు కీత్ హెబ్డెన్. నలభై దాటిన మనిషి. కుడి మోకాలు సరిగా వంగదు. పదిహేనేళ్ల పాటు ఇంగ్లండ్‌లో జీతానికి ఫుట్‌బాల్ ఆడాడు, అదీ మైదానం మధ్యలో, మిడ్‌ఫీల్డులో. అమెరికన్ నర్సుని పెళ్లి చేసుకుని, ఆమె ఉద్యోగం ఉన్న ఊరికి తనూ వచ్చేశాడు. మొదటి సమావేశంలో తల్లిదండ్రులు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఏ స్థాయిలో ఆడారని అడిగారు.

"ఎక్కువగా లీగ్ టూలో," అన్నాడు కీత్.

హాల్లో మెచ్చుకోలుగా తలలు ఊగాయి. డేటా సైంటిస్టు సృజన్ పక్కవాళ్ల వైపు వంగి, "లీగ్ టూ అంటే కంట్రీలో సెకండ్ లెవెల్ అన్నమాట. చిన్న విషయం కాదు," అన్నాడు.

కీత్‌కి తెలుగు రాకపోయినా ఆ మాటలో సెకండ్ అన్న ముక్క అర్థమైంది. అందరికన్నా పైన ప్రీమియర్ లీగ్ ఉంటుందనీ, దాని కింద ఛాంపియన్‌షిప్ అనే లీగ్ ఉంటుందనీ, దాని కింద లీగ్ వన్, ఆ కింద లీగ్ టూ అనీ వేళ్లు మడిచి చూపించాడు. "కాబట్టి అది నాలుగోది," అన్నాడు.

అందరూ ముచ్చటగా నవ్వారు. "బ్రిటిష్ వాళ్ల హ్యుమిలిటీ చూశారా," అంది రష్మి. కమిటీకి కార్యదర్శి ఆవిడ. "మన వాళ్లయితే ఈపాటికి బయోడేటా చదివేసేవాళ్లు."

ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో కీత్ 'ఇంగ్లండ్‌లో ఆడిన కోచ్'. వారాంతానికి ఎవరో ఒక అక్షరం మార్చారు, 'ఇంగ్లండ్‌కి ఆడిన కోచ్' అయ్యాడు. ఆ తర్వాత దాన్ని సరిదిద్దడానికి ఎవరికీ మనసు రాలేదు. పక్క ఊరు డబ్లిన్ నుంచి కూడా పిల్లల్ని తీసుకురావడం మొదలుపెట్టారు. కాలేజీ అడ్మిషన్లకి సాకర్ ఎలా పనికొస్తుందో చెప్పే కన్సల్టెంటు ఒకాయన తన ప్రసంగంలో కీత్ పేరు వాడుకున్నాడు.

కీత్ మాత్రం గొప్ప విద్యలేవీ నేర్పలేదు. మొదటి వారాల్లో పిల్లలకి బంతే సరిగా ఇవ్వలేదు. మైదానంలో నడవమన్నాడు, నడుస్తూ భుజం మీదుగా వెనక్కి చూడమన్నాడు. బంతి వచ్చాక చూస్తే ఆలస్యమైపోతుందని, రాకముందే చూసుకోవాలని చెప్పాడు. ఖాళీ ఎక్కడుందో, తోటివాడు ఎక్కడ అలిసిపోయాడో కనిపెట్టి అక్కడికి వెళ్లి నిలబడమన్నాడు. కుర్చీలు వేసుకుని చూస్తున్న తండ్రులకి ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదు కనుక అది చాలా పై స్థాయి పద్ధతి అయి ఉంటుందని నమ్మారు.

నైనికకి మాత్రం అది ప్రాణమైపోయింది. ఆ పిల్ల వేగంగా పరిగెత్తలేదు. ఇంతకుముందు కోచ్‌లు ఆమెని చివర్లో, గెలుపు ఖాయమయ్యాక దించేవాళ్లు. ఇప్పుడు కీత్ ఆమెని సరిగ్గా మధ్యలో నిలబెట్టాడు.

"నాన్నా, కోచ్ ఏం చెప్పాడంటే, మిడ్‌ఫీల్డర్ బాగా ఆడితే ఎవరూ నోటీస్ చేయరు అంట," అంది కారులో.

"నోటీస్ చేయకపోతే కాలేజీల నుంచి వచ్చే స్కౌట్స్ నిన్నెలా చూస్తారమ్మా?" అన్నాడు వేణుమాధవ్.

"బాగా ఆడితే చూడరు కదా," అంది.

తెలుగు సంఘం వార్షికోత్సవంలో కీత్‌ని సన్మానించాలన్నది కూడా వేణుమాధవ్ ఆలోచనే. హైస్కూలు ఆడిటోరియంలో శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. వ్యాఖ్యాత మైకులో "ఇంగ్లండ్ దేశానికి కీర్తి ప్రతిష్ఠలు తెచ్చిన మహా క్రీడాకారుడు" అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. కీత్ వేణుమాధవ్ వైపు వంగి ఏమంటున్నారని అడిగాడు.

"మీది ఇంగ్లండ్ అంటున్నారు," అన్నాడు వేణుమాధవ్.

ముందు వరసలో వేణుమాధవ్ తండ్రి వీరాంజనేయులు కూర్చుని ఉన్నాడు. విద్యుత్ శాఖలో రిటైరై, కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చాడు. ప్రశ్నలేమైనా ఉంటే అడగమని వ్యాఖ్యాత మాటవరసకి అనగానే ఆయన లేచి నిలబడి, ఇంగ్లీషులో నింపాదిగా అడిగాడు.

"మొత్తం ఎన్ని గోల్సు కొట్టారు మాస్టారూ?"

"తొమ్మిది," అన్నాడు కీత్.

"ఏడాదికా?"

"కాదండీ, మొత్తం కెరీర్‌లో." కీత్ కాస్త ఆలోచించి, "ఇంకొకటి కూడా ఉంది గానీ అది పొరపాటున మా గోల్లోకే వెళ్లింది," అన్నాడు.

హాల్లో చప్పట్లకి సిద్ధంగా ఉన్న చేతులు ఒళ్లోకి దిగిపోయాయి. వీరాంజనేయులు మాత్రం తృప్తిగా తలాడించి కూర్చున్నాడు. అమెరికా వచ్చాక తను నోరు తెరిచి అడిగిన ప్రశ్నకి పూర్తి జవాబు దొరకడం ఆయనకి అదే మొదలు.

ఎన్నాళ్లకో తన ఆట గురించి ఒకరు అడిగారన్న సంతోషంలో కీత్ మైకు వదల్లేదు. తన జీవితంలో గొప్ప ఆట గురించి చెప్పాడు. ఆఖరి మ్యాచ్ ఓడిపోతే వాళ్ల క్లబ్బు లీగులోంచే పడిపోతుంది. అవతలి జట్టులో ఒక మెరుపులాంటి కుర్రాడున్నాడు. కీత్ ఆ రోజంతా అతనికీ బంతికీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. అతను ఎటు కదిలితే అటు కదిలాడు. మ్యాచ్ గోల్స్ లేకుండా ముగిసింది, క్లబ్బు నిలిచింది. "ఆ రోజు నేను బంతిని పెద్దగా తాకలేదు. అంత బాగా మళ్లీ ఎప్పుడూ ఆడలేదు," అన్నాడు. వర్షంలో తడుస్తూ నిలబడిన ఆ ఊరివాళ్లు తన పేరు పెట్టి పాడారని కూడా చెప్పాడు.

వ్యాఖ్యాత చప్పట్లు కొట్టమనడం మర్చిపోయి, తర్వాతి అంశం కూచిపూడి నృత్యమని ప్రకటించాడు.

కార్ల దగ్గరే సృజన్ ఫోన్‌లో లెక్కలన్నీ బయటికి తీశాడు. "ఏడాదికి ఒక గోల్ కూడా యావరేజ్ లేదు. మా టీమ్‌లో అయితే ఫస్ట్ క్వార్టర్‌లోనే వార్నింగ్ ఇచ్చేవాళ్లం."

"మనల్ని మోసం చేశాడు," అంది రష్మి.

"నాలుగో లెవెల్ అని మొదటి రోజే చెప్పాడుగా," అన్నాడు వేణుమాధవ్ నీరసంగా.

"చెప్పాడు. కానీ మనం నమ్మేట్టు చెప్పలేదు."

కోచ్ పనితీరుని సమీక్షించాలని కమిటీ తీర్మానించింది. తమ ఆఫీసుల్లో వాడే పద్ధతే తెచ్చారు. నాయకత్వం, కమ్యూనికేషన్, గోల్ ఓరియెంటేషన్ అని విభాగాలు పెట్టి తల్లిదండ్రుల చేత మార్కులు వేయించారు. మూడోదాంట్లో కీత్‌కి చాలా తక్కువ వచ్చాయి. శనివారం సృజన్ ఇంట్లో జరిగే మీటింగ్‌లో వేణుమాధవ్ స్లైడ్లు చూపించి, కోచ్‌ని తీసేయాలని సిఫార్సు చేయాలి.

బుధవారం పొద్దున వేణుమాధవ్ క్యాలెండర్‌లో ఒక చిన్న మీటింగ్ ప్రత్యక్షమైంది. వీడియోలో అతని డైరెక్టరుతో పాటు ఎప్పుడూ చూడని హెచ్ఆర్ అమ్మాయి కూడా ఉంది. ఆ అమ్మాయి చిరునవ్వుతో అతని ప్రయాణానికి కృతజ్ఞతలు చెప్పింది. ఏ ప్రయాణమో అతనికి అర్థమయ్యేలోపే లాప్‌టాప్ లాక్ అయిపోయింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఎప్పటిలాగే స్నానం చేసి, ఆఫీసు బ్యాడ్జి మెడలో వేసుకుని కారు తీశాడు. ఎటు వెళ్లాలో తోచక ఊరంతా తిరిగి చివరికి సాకర్ మైదానం దగ్గర ఆగాడు. కీత్ ఒక్కడే ఉన్నాడు, గడ్డి మీద తెల్లగీతలు వేసే బండిని తోసుకుంటూ.

"ఇవాళ ఆఫీసు లేదా?" అని అడిగాడు.

"వర్క్ ఫ్రమ్ హోమ్," అన్నాడు వేణుమాధవ్.

కీత్ అతని మెడలోని బ్యాడ్జి వైపు చూసి, గీత పూర్తి చేశాడు. ఆ చూపుకే వేణుమాధవ్ కరిగిపోయి ఉన్న సంగతంతా చెప్పేశాడు.

"రిలీజ్ చేశారన్నమాట," అన్నాడు కీత్. "మా దగ్గర ఆ మాటే వాడతారు. సీజన్ అయిపోగానే ఎవరిని ఉంచుకుంటున్నారో, ఎవరిని వదిలేస్తున్నారో చెప్పేస్తారు. నన్ను ఐదుసార్లు వదిలేశారు. ఒకసారైతే కారు నడుపుతూ రేడియోలో విన్నాను."

"అప్పుడేం చేశారు?"

"కారు పక్కకి ఆపి ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ అది ఇంకెవరి నోటో వినకూడదు కదా. నువ్వు మీ ఆవిడకి చెప్పావా?"

"లేదు."

"అయితే ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు కీత్, బండి మళ్లీ తోస్తూ.

ఇంద్రజ ఇంట్లోనే తన ఆఫీసు పని చేసుకుంటోంది. వేణుమాధవ్ గుమ్మంలో నిలబడే చెప్పాడు. ఆమె హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టింది.

"ఇంకెవరికైనా చెప్పావా?" అంది.

"కోచ్‌కి."

"నాకంటే ముందు కోచ్‌కా?" ఇంద్రజ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట మళ్లీ ఒకసారి తనకి తనే చెప్పుకునేసరికి నవ్వు కూడా వచ్చింది. "సరే, కూర్చో. కాఫీ పెడతాను. ముందు ఆ బ్యాడ్జి తీసెయ్."

శనివారం సృజన్ ఇంట్లో పెద్ద టీవీ మీద మొదటి స్లైడు సిద్ధంగా ఉంది. వేణుమాధవ్ దాన్ని మార్చకుండా నిలబడ్డాడు.

"ఈ సీజన్‌లో మన పిల్లల మీద అవతలివాళ్లు వేసిన గోల్స్ సగానికి పడిపోయాయి. మనం అది చూడలేదు. పడని గోల్‌కి ఎవరూ ఫోటో తీయరు కదా," అన్నాడు. రిమోట్ పక్కన పెట్టి, "బుధవారం నా ఉద్యోగం పోయింది. నా లాస్ట్ రివ్యూలో కూడా ఇదే రాశారు, ఇంపాక్ట్ కనిపించడం లేదని," అన్నాడు.

పక్కన కూర్చున్నాయన సోఫాలో కొద్దిగా అవతలికి జరిగాడు. రష్మి ఎంతో బాధపడి, రెజ్యూమే పంపమంది. సృజన్ మార్కెట్ బాలేదన్నాడు. ఆ తర్వాత ఓటింగ్ పెట్టారు. కీత్ పక్షాన లేచింది ఒక్క చెయ్యి. ఇలాంటి సమయంలో వేణుమాధవ్‌కి విశ్రాంతి అవసరం కనుక అతన్ని అధ్యక్ష పదవి నుంచి తప్పించాలని రెండో తీర్మానం వచ్చింది. దానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

వాట్సాప్ గ్రూపులో 'బ్రెజిల్ కోచ్' అయిపోయిన కొత్త కోచ్ రోడ్రిగో పుట్టిందీ పెరిగిందీ కాలిఫోర్నియాలోనే, శాక్రమెంటోలో. బ్రెజిల్ ఎప్పుడూ చూడలేదని అతనూ మొదటి రోజే చెప్పాడు. అతని వినయాన్ని అందరూ మెచ్చుకున్నారు. పిల్లలు బంతిని తల మీద, మోకాళ్ల మీద ఆడించడం నేర్చుకున్నారు. వీడియోలు బ్రహ్మాండంగా వచ్చాయి.

కీత్ డబ్లిన్‌లోని ఒక పార్కులో సొంతంగా చిన్న జట్టు పెట్టాడు. నైనిక వెళ్లింది. సృజన్ కొడుకు ధృవ్ కూడా వెళ్తున్నాడు. ఆ సమయానికి ధృవ్ మ్యాథ్స్ ట్యూషన్‌లో ఉన్నాడని సృజన్ ఇప్పటికీ అనుకుంటున్నాడు. వేణుమాధవ్‌కి కొన్నాళ్లకి ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. హోదాలో సీనియర్ అన్న మాట లేదు. పని మాత్రం అదే.

ఆ జట్టు మొదటి మ్యాచ్‌కి వేణుమాధవ్ తండ్రిని కూడా తీసుకెళ్లాడు. పిల్లలంతా బంతి చుట్టూ మూగి ఒక మూలకి కొట్టుకుపోయారు. వీరాంజనేయులు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మన పిల్లేదిరా? బంతి దగ్గర లేదే."

"అదిగో నాన్నా, అక్కడ." మైదానం రెండో పక్కన నైనిక ఒంటరిగా నిలబడి ఉంది. "బంతి అటే వస్తుంది."

"ఇంకా రాలేదుగా."

"వస్తుంది, చూడండి."

వీరాంజనేయులు కుర్చీ కాస్త అటు తిప్పుకుని కూర్చున్నాడు.