మైలుతుత్తంలో నీళ్ళు

ఆ ఇంట్లో బావగారి నోటికి మూత లేదు. భర్తకు అన్నగారు కాబట్టి ఆమె ఎదురు చెప్పకూడదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు కాబట్టి ఇంకెవరూ చెప్పలేరు. టీ గ్లాసు చేతికిస్తే ఆవిరి వంక చూసి "అణుభారం పద్దెనిమిది" అనే మనిషి. పిల్లలు చాటుగా ఆయన్ని 'దశాంశం' అనేవాళ్ళు. ఆమె పైకి కసిరేది, లోలోపల సంతోషించేది.

పెళ్ళితో అటకెక్కిన చదువును కిందికి దించి, మంచినీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఉన్నది ఒకటే ఖాళీ. వస్తే పగలంతా ఆ గొంతు వినక్కర్లేదు. రాకపోతే జన్మంతా వినాలి, "నేనప్పుడే చెప్పానా?" అన్న కొసరుతో సహా.

"ఏమ్మా, క్లోరిన్ భారం ఎంత?"

"ముప్పై ఐదున్నర, బావగారూ."

"ఆ అర ఎక్కడిది? పరమాణువుని చాకుతో కోశారా?"

"రెండు రకాలున్నాయి కదండీ. ముప్పై ఐదువి మూడొంతులు, ముప్పై ఏడువి ఒక వంతు. సగటు కడితే అంతొస్తుంది."

ఆయన గొంతు సవరించుకున్నారు. "నేను చెప్పింది నాకే అప్పజెప్తున్నావు."

ఏనాడూ చెప్పిన పాపాన పోలేదు. కాలేజీలో ఉన్నన్నాళ్ళూ మూలకాల పట్టిక చదివించడం, పిల్లల్ని తిట్టడం, గంట కొట్టగానే జారుకోవడం, ఇదీ ఆయన పాఠం.

పరీక్షనాడు ఆమె చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలోంచి అరిచారు. "మైలుతుత్తం ఇచ్చినా ఇస్తారు. లెక్కలో నీళ్ళు మర్చిపోకు!"

"అలాగేనండీ" అని, వీధి మలుపు తిరక్కముందే ఆ మాటను చెవిలోంచి దులిపేసుకుంది. ఈయన మాట విని గట్టెక్కినవాళ్ళెవరు గనక!

ఇచ్చింది మైలుతుత్తమే, అదే కాపర్ సల్ఫేట్. లీటరు ద్రావణంలో మోలులో పదో వంతు ఉండాలి. మోలంటే అణుభారం ఎంతో అన్ని గ్రాములు. రాగి అరవై మూడున్నర, గంధకం ముప్పై రెండు, నాలుగు ఆక్సిజన్లు కలిపి అరవై నాలుగు. మొత్తం నూట యాభై తొమ్మిదిన్నర. అందులో పదో వంతు తూచింది, కరిగించింది, ఫ్లాస్కులో గీత దాకా నింపింది. చేతులు దులుపుకుని పక్కకు చూసింది.

పక్కమ్మాయి ఫ్లాస్కు ముదురు నీలం. తనది పదిసార్లు ఉతికిన చొక్కా రంగు.

'పాపం, ఎక్కువ పోసేసింది' అనుకుంది. అవతలి పక్క చూస్తే అక్కడా అదే ముదురు నీలం.

అప్పుడు తూకం పళ్ళెంలో మిగిలిన నీలి స్ఫటికాలు కనబడ్డాయి. వేడిచేసి ఎండగొడితే మైలుతుత్తం తెల్లబడుతుంది. నీలంగా ఉందంటే లోపల ఐదు నీటి అణువులున్నట్టే. ఐదు పద్దెనిమిదులు తొంభై. తను తూచాల్సింది రెండు వందల నలభై తొమ్మిదిన్నరలో పదో వంతు. మరిచిపోయినందుకు కాదు, అది ఆయన గొంతుతో గుర్తొచ్చినందుకు ఒళ్ళు మండింది.

"ఇంకో ఫ్లాస్కు ఇప్పించండి" అంది.

పరీక్షకుడు తల ఎత్తలేదు. "కారణం?"

ఊరికే ఇస్తే ఈయన సొమ్మేం పోయింది?

"నీళ్ళు మర్చిపోయాను."

ఆయన ఆమెవైపు చూసి ఫ్లాస్కు జరిపారు. "తొందరగా కానివ్వండి."

సాయంత్రం బావగారు గుమ్మంలోనే కాపు. "నీళ్ళు కలిపావా?"

"అది బడిపిల్లలకి కూడా తెలుసు కదండీ, బావగారూ!"

ఉద్యోగం వచ్చింది. తనే ఇప్పించినట్టు ఆయన వీధంతా చెప్పుకున్నారు. ఆమె పట్టించుకోకుండా టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరింది. ఇక పగలంతా హాయి.

ల్యాబులో తూకం ముందు కూర్చుని చెంచా అందుకుంది.

"నీళ్ళు మర్చిపోకు!" అంది ఆ దిక్కుమాలిన గొంతు, చెవి పక్కనే.