వేరుముక్క దొంగ

మా దీవి సర్కారు తోటలోని ముసలి సీమపనస చెట్టుకి ముప్పై ఏళ్లు మాలిని నేనే. దాని మొదట్లో ఎవడు కాలు పెట్టినా నాకు ఒళ్లు మండేది. సూఫ్రియేర్ అగ్నిపర్వతం బద్దలై బూడిద కురిసిన ఏడాది దాని కొమ్మలు సగం విరిగాయి. ఇక వేరు మీద కత్తి పడితే బతకదని భయపడి, వేరుముక్కలెవరికీ ఇవ్వకూడదని నేనే రూలు పెట్టాను.

అప్పుడే ఆ కొండ కింది ఊరి నుంచి ఎజ్‌లిన్ అనే ముసలావిడ వచ్చింది. ఆవిడ పెరట్లో సీమపనస బూడిదకి చచ్చిపోయింది.

"మా అమ్మమ్మ ఆ మొక్కని ఇక్కణ్ణుంచే తెచ్చుకుంది నాయనా. వేలెడు వేరుముక్క ఇయ్యి, చాలు."

"కుదరదమ్మా. రూలు."

"ఓహో! బానిసల్ని చవగ్గా మేపొచ్చని దొరలు మా ముత్తాతల కోసం ఓడలో తెచ్చిన చెట్టిది. అప్పుడు తినండి తినండని వెంటపడ్డారట. ఇప్పుడు నేనడిగితే రూలొచ్చిందా?"

అయినా ఇవ్వలేదు.

టీ తాగి వచ్చేసరికి ఆవిడ చెట్టు కింద చతికిలబడి వేరు కోస్తోంది.

"ఏయ్ ముసలీ! చంపేస్తున్నావ్ దాన్ని!" అని అరుస్తూ పరుగెత్తాను.

ఆవిడ ముక్కని టోపీలో దాచి, టోపీ నెత్తిన పెట్టుకుంది. "పిలు పోలీసుల్ని. కాల్చిన సీమపనస వాళ్లకీ ఇష్టమేలే" అంది.

నేను పిలవలేదు. కానీ నెలల తరబడి తిట్టుకున్నాను.

నాలుగేళ్లకి గాలివానలో చెట్టు పడిపోయింది. సీమపనసకి గింజ ఉండదు, వేరు నాటితేనే మొక్క. నలభై ముక్కలు నాటాను. అన్నీ లోపల పుచ్చినవే, ఒక్కటీ మొలవలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

సిగ్గు చంపుకుని బస్సెక్కి ఎజ్‌లిన్ ఇంటికి వెళ్లాను. పెరట్లో చెట్టు ఇంటి కప్పు దాటింది. ఆవిడ తొలికాపు కాయని బొగ్గుల మీద కాలుస్తోంది.

"రూలు ఎక్కడ మర్చిపోయొచ్చావ్?" అని నవ్వింది.

"చెట్టు పోయిందమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇంటి వెనక్కి వెళ్లి, పాత నూనె డబ్బాలో మొలిచిన మొక్కని తెచ్చి నా ముందు పెట్టింది. డబ్బా మీద సుద్దతో 'తోటకి' అని రాసి ఉంది.

"ఏటా ఒకటి నీకోసం మొలిపిస్తున్నా. నువ్వు రాకపోతే పక్కింటివాళ్లకిచ్చేస్తున్నా. వేరు కోసినవేళే చూశా నాయనా, మీ చెట్టు మొదలు డొల్లగా ఉంది. చెబితే కొట్టేవాడివి. ముందు తిను."

వేడి ముక్క చేతిలో పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను.