రాయి మీద రాయి బొమ్మ

ఎడ్ల కొట్టానికి పేరు మార్చినంత మాత్రాన ఇల్లయిపోతుందా? ఆ పాత రాతి లోగిలిని మూడు వాటాలు చేసి అమ్మిన ఆర్కిటెక్టు మాత్రం అయిపోతుందనే నమ్మాడు. ధాన్యం కొట్టు 'సువర్ణ' అయింది, వంటసాల 'ఆనంద' అయింది, ఎడ్ల కొట్టం ఏకంగా 'ప్రశాంతి' అయి కూర్చుంది. ఆ ప్రశాంతిలోనే ఒక తాపీ మేస్త్రి అక్కాబావల కాపురం. ఎడ్లు కుడితి తాగిన రాతి తొట్టి దగ్గర బావగారు రోజూ పళ్లు తోముకుంటారు. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, "ఇదీ వారసత్వం" అంటారు.

అక్కకి మాత్రం ఆ వారసత్వంలో ఊపిరాడటం లేదు. రెండేళ్లుగా దగ్గు, పిల్లికూతలు. ఇంకో వానాకాలం ఈ చెమ్మలో గడిపితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ తేల్చేసింది. అందుకే మేస్త్రి ఆ ఆదివారం భోజనానికి వస్తూ సుత్తి, ఉలి కూడా తెచ్చుకున్నాడు.

రెండు మూరల మందం గోడ అది. రాళ్ల మధ్య సున్నం ఉన్నంతకాలం, తాగిన తడిని ఎండకి వదిలేసేది. ఆర్కిటెక్టు దానికి బయటివైపు సిమెంటు పూయించాడు. తీరా చూస్తే ఇల్లు పాతకాలందిలా లేదని కొనేవాళ్లు పెదవి విరిచారు. దాంతో సిమెంటు మీద రాయి బొమ్మ అచ్చేసిన టైల్సు అంటించాడు. రాయి మీద సిమెంటు, దాని మీద రాయి బొమ్మ! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. బయటికి దారిలేక తడంతా అక్క మంచం వైపు తిరిగింది.

ఆర్కిటెక్టుని ఎంత తిట్టుకున్నా మేస్త్రి నోరు చేదుగానే ఉంది. ఆ సిమెంటు పూసిన చెయ్యి తనదే. తప్పని ఆ రోజే తెలుసు. చెబితే పని పోతుందని నోరు కుట్టేసుకున్నాడు. అక్క ఈ వాటా కొందని తెలిశాక చెప్పడానికి సిగ్గేసింది.

భోజనమయ్యాక వసారాలోకి వచ్చి చెయ్యి కడుక్కుని, "బావగారూ, ఈ టైల్సు పీకేసి సిమెంటు గీకెయ్యాలి," అన్నాడు.

"తిన్న చెయ్యి ఆరలేదు, అప్పుడే తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా?" బావగారు లేచి నిలబడ్డారు. "వీటిని చూసే కదయ్యా అందరూ మెచ్చుకునేది! దగ్గొస్తే మందు మింగుతారు గానీ గోడ పగలగొడతారా ఎవరైనా?"

ఆయనెప్పుడూ తా పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. మేస్త్రి అక్క వైపు తిరిగాడు.

"నువ్వైనా చెప్పక్కా. ఆ ఆర్కిటెక్టు ఒట్టి దద్దమ్మ. ఇలాంటి రాతి గోడకి సిమెంటు పూయకూడదని నిన్నగాక మొన్న పనికొచ్చిన కూలీకైనా తెలుసు."

అక్క దగ్గు తగ్గేదాకా ఆగి, "నీకూ తెలుసా?" అంది.

"తెలియకేం?"

"పూసేటప్పుడే తెలుసా?"

మేస్త్రి వంగి ఉలి అందుకున్నాడు.

"ఈ వాటా చూసిన రోజు మీ బావకి నచ్చలేదురా," అంది అక్క. "నేనే పట్టుబట్టాను. ఈ గోడ మా తమ్ముడు పూశాడు, ఇంక చూసుకోనక్కర్లేదన్నాను."

బావగారు టైల్సు వంక చూడటం మానేసి మేస్త్రి వంక చూశారు. మేస్త్రికి తలెత్తబుద్ధి కాలేదు. వెళ్లి ఉలి గోడకి ఆనించాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు, కూర్చోమనీ అనలేదు.