సన్నబడ్డ కాలు

మండపేట దగ్గరి పల్లెలో వరి పండించే చంద్రరావు కూతురు హారతి. కబడ్డీలో ఆమె కూతకు వస్తోందంటే అవతలి జట్టు నాలుగడుగులు వెనక్కి వేసేది. రాష్ట్ర జట్టు ఎంపికలో ఒక పొడుగాటి అమ్మాయి ఆమె చీలమండ దొరకబుచ్చుకుంది. హారతి విడిపించుకోబోయి ఒళ్లు తిప్పింది గానీ పాదం తిరగలేదు. మోకాలి లోపల లిగమెంట్ తెగింది.

ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆమెకు దేనిమీదా ఏమీ అనిపించేది కాదు. "ఆడకపోతే పోనీలేమ్మా, ఆటల టీచరువైనా అవుదువుగాని" అని తండ్రి అంటే తలూపి, రాజమండ్రిలో వ్యాయామ విద్య కాలేజీలో చేరింది. అది రెండువేల మూడు.

ఎముకలు, కండరాలు, గుండె, నరాలు అన్నీ చదివింది. దెబ్బతిన్న కండరం కోలుకోవడానికి మాంసకృత్తులు ఎంత అవసరమో పరీక్షలో పేజీలు నింపింది. మెస్సులో మాత్రం కంచంలో ఏది పడితే అది తిని లేచేది. తల్లి పంపిన సున్నుండలు డబ్బాలోనే ముక్కవాసన వేశాయి.

గాయాల తర్వాత చేయించే వ్యాయామాల ప్రాక్టికల్ రోజున మణిశంకర్ సార్ అందరినీ జతలుగా కూర్చోబెట్టారు. హారతికి జతగా వచ్చింది దేవకుమారి, మొగల్తూరు నుంచి ఆలస్యంగా చేరిన అమ్మాయి. హారతిని చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"నన్ను గుర్తుపట్టావా?"

"పట్టాను. ఆ రోజు నా కాలు పట్టుకుంది నువ్వే."

"కావాలని చెయ్యలేదు హారతీ, ఒట్టు." దేవకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆటలో పట్టుకోవాలి, పట్టుకున్నావు. టేపు తియ్యి, సార్ వస్తున్నారు."

కోపం వస్తుందేమోనని హారతి కాసేపు చూసింది. రాలేదు.

దేవకుమారి టేపుతో రెండు తొడలూ కొలిచింది. ఆపరేషన్ అయిన కాలు బాగా సన్నబడింది. సార్ మోకాలు వంచి, చాచి చూశారు.

"లిగమెంట్ గట్టిగానే అతుక్కుందమ్మా. కండరమే కరిగిపోయింది. వ్యాయామాలు చేస్తున్నావా?"

"లేదండి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మానేశానండి."

"ఎందుకని?"

"ఏమోనండి."

ఆయన తిట్టలేదు. "రేపట్నించి దేవకుమారి చేయిస్తుంది" అని పక్క జత దగ్గరికి వెళ్లిపోయారు.

దేవకుమారి రోజూ పొద్దున్నే హాస్టల్ గదికి వచ్చేది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, "నొక్కు... ఇంకా నొక్కు... ఇంక వదులు" అనేది. హారతి నొక్కేది, వదిలేది. బాగుపడాలని కాదు, వద్దని చెప్పే ఓపిక లేక. కొన్నాళ్లకు మెట్లెక్కడం, ఆ తర్వాత గోదావరి గట్టుమీద పరుగు. మెస్సులో దేవకుమారి తన గుడ్డు కూడా ఆమె కంచంలో వేసేది. హారతి అదీ తినేసేది. తొడకు మళ్లీ కండ పట్టింది.

ఎండలు ముదరకముందే డాక్టరుగారు ఆడొచ్చన్నారు. కాలేజీ గ్రౌండులో హారతి కూతకు వెళ్లింది. అవతలి జట్టులో ఉన్న దేవకుమారి వంగి చీలమండ అందుకుంది. అందుకున్నదల్లా వెంటనే చేతులు వదిలేసింది. హారతి తేలిగ్గా గీత దాటి వచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

హారతి చెవులు వేడెక్కాయి.

"ఎందుకు వదిలేశావే?"

"భయమేసింది."

"నాకు లేని భయం నీకెందుకు? నాకు దానం చేస్తున్నావా? పట్టుకుంటే విడిపించుకోలేననుకున్నావా?" అరుస్తూనే భోరున ఏడ్చింది. ఆపరేషన్ అయ్యాక ఏడవడం అదే మొదలు. దేవకుమారి దగ్గరికొస్తే తోసేసింది.

తర్వాతి కూతలో దేవకుమారి మరో ఇద్దరితో కలిసి ఆమెను కింద పడేసింది. హారతి ఔటై బయట కూర్చుని మట్టి దులుపుకుంది.

ఆ ఏడు ఆమె కాలేజీ జట్టులో ఆడింది. రాష్ట్ర జట్టు దాకా మళ్లీ వెళ్లలేదు. గెలిచినా పెద్దగా సంతోషం కలిగేది కాదు. ఓడితే మాత్రం ఒళ్లు మండేది. ఆ కోపమైనా వస్తోంది కదా అనుకుని, మర్నాడు మళ్లీ గ్రౌండుకు వెళ్లేది.